సర్కారు తుమ్మ నిర్మూలనం, దేశీయ వన పునరుద్ధరణ

మానవ ప్రమేయంతో తన సహజ పరిధిని దాటి వచ్చిన మొక్కను పరదేశీయ జాతి అంటారు. పరదేశీయమైనదంతా హానికరం కాదు. మన పొలాల్లోని మిరప, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుండి వచ్చినవే. సాగు చేసేవారు లేకుండానే తనంతట తాను వ్యాపించి, స్థానిక జాతులను తొలగించి వాటి చోటును ఆక్రమించే దానికే దురాక్రమణ జాతి అన్న సంజ్ఞ తగును.

తెలుగునేలపై ఈ నిర్వచనానికి సర్కారు తుమ్మను మించిన ఉదాహరణ లేదు. దీని పుట్టినిల్లు మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. మద్రాసు ప్రభుత్వ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో మెట్ట ప్రాంతాల కోసం దీని విత్తనాలు కోరగా, 1877లో కడప ప్రాంతపు కమలాపురంలో నాటారు. ఉద్దేశం మంచిదే, పర్యవసానమే వేరు.

దీని విజయరహస్యం విత్తనంలోనూ వేరు మొదట్లోనూ ఉంది. తియ్యని కాయలను మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. గట్టి పైపొర గల విత్తనాలు జీర్ణం కాకుండా పేడతో బయటపడి, ఎరువుతో సహా కొత్త చోటికి చేరతాయి. మొలవని విత్తనాలు ఏళ్ల తరబడి మట్టిలో సజీవంగా ఉంటాయి. రాలిన ఆకులలోని రసాయనాలు ఇతర మొలకలను అణచివేస్తాయి. అన్నిటికీ మించి, కాండం వేరుతో కలిసే భాగంలో, నేలలోపల, ప్రసుప్త మొగ్గలుంటాయి. నేలమట్టానికి నరికితే అవి మేల్కొని, ఒక కాండం ఉన్న చోట అనేక పిలకలు లేస్తాయి. అందుకే, ఒక్క ఆదివారం కత్తులతో సాగి ఫొటోలతో ముగిసే శ్రమదానం కంపను తగ్గించకపోగా దట్టం చేస్తుంది.

కాబట్టి మొదలు చుట్టూ తవ్వి, కనీసం అడుగు లోతున వేరును తెగగొట్టాలి. కాయలు పండకముందే ఈ పని చేయాలి. వానల తరువాత మొలకలను చేతితో పెరికివేయాలి. కొట్టిన కలపను ఊరివారికే వదలాలి, ఎందుకంటే వంటచెరకు, బొగ్గు రూపంలో ఈ చెట్టు ఎందరో పేదలకు జీవనాధారం కూడా.

గుర్తింపులో మెలకువ అవసరం. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి దీనికి దగ్గరి బంధువు. సర్కారు తుమ్మ ముళ్లు కణుపుల వద్ద జంటలుగా వస్తాయి; జమ్మి ముళ్లు కణుపుల నడుమ చెదురుగా ఉంటాయి. ఈ భేదం తెలియనివారి చేతికి గొడ్డలి ఇవ్వరాదు.

ఖాళీ చేసిన నేలను అలాగే వదిలితే మట్టిలోని విత్తనాలే తిరిగి గెలుస్తాయి. తెల్లతుమ్మ, చండ్ర, మోదుగ, రేగు, బలుసు వంటి స్థానిక జాతులను నేలను బట్టి ఎంచుకోవాలి. అయితే మెట్టభూమి అంతా ఒకప్పుడు అడవి కాదు. బట్టమేకపిట్టకు ప్రసిద్ధి చెందిన రోళ్లపాడు వంటివి గడ్డిభూములు. అక్కడ గడ్డిని తిరిగి రానీయడమే పునరుద్ధరణ, చెట్లు నాటడం మరొక దురాక్రమణ.

అటవీ భూముల్లో ఎంత హానికరమైన చెట్టునైనా అనుమతి లేకుండా కొట్టరాదు. ఔత్సాహిక బృందాలు ముందుగా అటవీశాఖను సంప్రదించి, పది చోట్లకు పరుగెత్తక, ఒకే చిన్న స్థలాన్ని ఎంచుకొని ఏటేటా అక్కడికే వెళ్లాలని మనవి.