సీసపు గుండ్ల పోత

సీసపు గుండ్ల పోత అనగా సీసమును గాని, సీసపు మిశ్రమలోహమును గాని కరిగించి, అచ్చులలో పోసి, తుపాకీలో వాడే గుండ్లను తయారుచేసే ప్రక్రియ. తుపాకులు పుట్టిన తొలి శతాబ్దాలలో ఇది ప్రతి సైనికునికి, ప్రతి వేటగానికి తెలిసి ఉండవలసిన పని. కర్మాగారాలలో తయారయ్యే తూటాలు వచ్చిన తరువాత ఈ పని మరుగున పడినది. అయితే అమెరికా సంయుక్త రాష్ట్రాలు, మరికొన్ని దేశాలలో నేటికీ ఇది ఒక అభిరుచిగా కొనసాగుచున్నది. భారతదేశంలో లైసెన్సు లేకుండా ఈ పని చేయడం తీవ్రమైన నేరం. తూర్పు కనుమలలోని బొర్రా, అరకు, పాడేరు ప్రాంతాలలో నాటు తుపాకులతో వేటాడే అలవాటు ఉండుటవలన ఈ విషయానికి అక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది.

పదాల వివరణ

వాడుకలో "గుండు", "తూటా" అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. కాని ఈ రెంటికీ భేదమున్నది. తుపాకీ గొట్టం నుండి బయటకు దూసుకుపోయే లోహపు ముక్క గుండు. గుండు, మందు, మందును అంటించే టోపీ, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి లేదా కాగితపు గొట్టము కలిసినది తూటా. పోత పోసేది గుండును మాత్రమే. గొట్టం ముందు వైపు నుండి మందు, గుండు వేర్వేరుగా దట్టించే తుపాకీకి పోత గుండు ఒక్కటే చాలును. వెనుక నుండి తూటా పెట్టే తుపాకీకి అది చాలదు.

"పన్నెండు బోరు తుపాకీ" అనే మాట కూడా సీసపు పోత నుండి వచ్చినదే. ఒక పౌను (453.6 గ్రాములు) సీసముతో సమానమైన 12 గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టమే పన్నెండు బోరు. అట్టి గుండు బరువు సుమారు 38 గ్రాములు, గొట్టం వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. బోరు సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుటకు కారణమిదే.

సీసమునే ఎందుకు వాడతారు?

సీసము పరమాణు సంఖ్య 82. సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, అనగా ఇనుము కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. చిన్న పరిమాణంలో ఎక్కువ బరువు ఉండుటవలన సీసపు గుండు గాలి నిరోధాన్ని తట్టుకొని దూరం పోగలదు. ఇది 327.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావలెను. కనుక కమ్మరి కొలిమి లేకున్నా, బొగ్గుల కుంపటి మీదనే సీసమును కరిగించవచ్చును. పైగా ఇది మెత్తని లోహము. గొట్టంలోని ఉక్కును ఎక్కువగా అరగదీయదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో సీసపు ఖనిజము పల్నాడులో వినుకొండ ప్రాంతపు అగ్నిగుండాల వద్ద లభించినది. అక్కడి బండ్లమోటు గనిని హిందూస్థాన్ జింక్ సంస్థ నడిపినది. బొర్రా ప్రాంతము సున్నపురాయికి, కాల్సైట్‌కు పేరుపొందినది.

చరిత్ర

తొలినాటి గుండ్లు రెండు ముక్కల అచ్చులలో పోసిన గుండ్రని బంతులు. 1757 బొబ్బిలి యుద్ధం, 1758 చందుర్తి యుద్ధం నాటి తుపాకులు ఇట్టి సీసపు బంతులను పేల్చేవే. చిన్న గుళికల తయారీకి 1782లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన విలియం వాట్స్ కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. కరిగిన సీసమును ఎత్తైన గోపురం మీద నుండి జల్లెడ ద్వారా జారవిడిస్తే, చుక్కలు పడుతూనే గుండ్రంగా మారి, క్రిందనున్న నీటి తొట్టెలో గట్టిపడతాయి.

1849లో ఫ్రాన్సుకు చెందిన క్లాడ్ ఎతియెన్ మినియే, అడుగు భాగం గుల్లగా ఉండే మొనదేలిన గుండును రూపొందించాడు. పేలినపుడు దాని అడుగు వ్యాకోచించి గొట్టంలోని మెలిగాడులను పట్టుకొని గిరగిర తిరుగుతూ పోతుంది. దీనివలన గురి ఎన్నో రెట్లు మెరుగుపడినది. 1857 తిరుగుబాటుకు తక్షణ కారణమైన కొవ్వు పూసిన తూటాలు ఈ కోవకు చెందిన ఎన్‌ఫీల్డ్ తుపాకీవే. 19వ శతాబ్దం చివర పొగరాని మందు వచ్చి గుండు వేగం బాగా పెరిగినది. ఆ వేగానికి మెత్తని సీసం గొట్టంలో పూతవలె అంటుకొనుటచే, సీసంపై రాగి మిశ్రమపు తొడుగు వేయసాగారు.

1922 రంప తిరుగుబాటులో ఈ మార్పు ప్రభావం కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు దళము ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి తుపాకులతో పాటు తూటాలను కూడా పట్టుకొన్నది. నాటు తుపాకీకైతే ఇంటివద్ద పోసిన సీసపు గుండు సరిపోతుంది. పోలీసు తుపాకీకి కర్మాగారంలో తయారైన తూటా తప్పనిసరి. అది అడవిలో తయారయ్యేది కాదు.

మిశ్రమలోహాలు

స్వచ్ఛమైన సీసం చాలా మెత్తన. బ్రినెల్ కొలమానంలో దాని గట్టిదనం సుమారు 5. ముందు నుండి దట్టించే తుపాకీకి ఇదే అనుకూలం. వేగం ఎక్కువైన తుపాకులకు సీసంలో తగరం, ఆంటిమొనీ కలుపుతారు.

* తగరం: కరిగిన లోహం అచ్చు మూలలలోకి చక్కగా పారేటట్లు చేస్తుంది.
* ఆంటిమొనీ: గుండును గట్టిపరుస్తుంది.
* 90 పాళ్ళు సీసం, 5 పాళ్ళు తగరం, 5 పాళ్ళు ఆంటిమొనీ కలిసిన మిశ్రమం అభిరుచిదారులలో ప్రసిద్ధం. దీని గట్టిదనం సుమారు 15.
* పాత ముద్రణాలయాలలోని లైనోటైపు అక్షరాల లోహం కూడా ఈ మూడింటి మిశ్రమమే. గట్టిదనం సుమారు 22.

పాత బ్యాటరీల పలకలను ఈ పనికి ఎన్నడూ వాడరాదు. వాటిలోని ఆమ్లం, ఆర్సెనిక్, ఆంటిమొనీల నుండి ప్రాణాంతకమైన వాయువులు వెలువడే ప్రమాదమున్నది. తుత్తునాగం కలిసినా పోత చెడిపోతుంది. అది 419.5 డిగ్రీల వద్ద కరుగును గనుక, తుక్కును అంతకంటే తక్కువ వేడిలో కరిగించి, పైకి తేలిన కరగని ముక్కలను తీసివేస్తారు.

పోత పోసే విధానం

లైసెన్సు, చట్టబద్ధమైన అనుమతి ఉన్న దేశాలలో అభిరుచిదారులు అనుసరించే క్రమం ఈ విధంగా ఉంటుంది.

# కరిగించుట: ఇనుప మూసలో సీసమును కరిగిస్తారు. వేడిని ఉష్ణమాపకంతో చూస్తూ 350 నుండి 400 డిగ్రీల మధ్య ఉంచుతారు.
# శుద్ధి: కరిగిన సీసంలో చిన్న మైనపు ముక్క వేసి కలుపుతారు. మైనం మండి, పైన తేలిన తగరపు ఆక్సైడును తిరిగి లోహంగా మార్చడానికి తోడ్పడుతుంది. మిగిలిన తెట్టును గరిటెతో తీసివేస్తారు.
# అచ్చును వేడిచేయుట: అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. మరీ వేడిగా ఉంటే మంచు పట్టినట్లు తెల్లబారుతుంది.
# పోయుట: గరిటెతో ఆగకుండా ఒకే ధారగా పోస్తారు. మధ్యలో ఆగితే గుండులో గీత, లోపల గాలి బుడగ ఏర్పడతాయి.
# తీయుట: పైన మిగిలిన తోకను కోసి, అచ్చు తెరచి, గుండును మెత్తని గుడ్డపై పడవేస్తారు.
# పరీక్ష: ప్రతి గుండును తూచి చూస్తారు. తక్కిన వాటికంటే తేలికగా ఉన్నదానిలో బోలు ఉన్నట్లు లెక్క. దానిని తిరిగి మూసలో వేస్తారు.
# పూత: తేనెమైనం కలిసిన కందెనను గుండు గాళ్ళలో నింపుతారు. సీసం గొట్టానికి అంటకుండా ఇది కాపాడుతుంది.

ప్రమాదాలు, ఆరోగ్యం

ఈ పనిలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం నీరు. ఒక్క నీటిచుక్క కరిగిన సీసం అడుగుకు చేరినా, అది క్షణంలో ఆవిరై, సీసమును నలువైపులా చిమ్ముతుంది. తడిసిన తుక్కు, తడి గరిటె, నుదుటి చెమట, వానజల్లు అన్నియు ప్రమాదకరమే. అందుకే కళ్ళద్దాలు, తోలు చేతితొడుగులు, కాళ్ళను పూర్తిగా కప్పే చెప్పులు తప్పనిసరి.

రెండవ ప్రమాదం కనిపించనిది. సీసం విషపదార్థం. సుమారు 400 డిగ్రీల వద్ద వెలువడే ఆవిరి కొద్దిపాటిదే గాని, తెట్టులోని సన్నని ఆక్సైడు పొడి చేతులకు, బట్టలకు అంటుకొని నోటిలోకి పోతుంది. శరీరంలో చేరిన సీసం ఎముకలలో కాల్షియం స్థానంలో నిలిచి, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. రక్తహీనత, కడుపునొప్పి, నరాల బలహీనత, మూత్రపిండాల జబ్బులు దీని లక్షణాలు. పిల్లలలో మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. సీసానికి సురక్షితమైన పరిమితి అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

కావున పాటించవలసిన నియమాలు ఇవి:

* గాలి ధారాళంగా వచ్చే చోట, వంటింటికి దూరంగా పని చేయాలి.
* వంట పాత్రలను సీసానికి, సీసపు పాత్రలను వంటకు వాడరాదు.
* పని జరిగేటపుడు తినుట, త్రాగుట, చుట్ట బీడీలు కాల్చుట పనికిరావు.
* గుండును నోటిలో పెట్టుకొనుట, పండ్లతో కొరుకుట అత్యంత హానికరం.
* పిల్లలు, గర్భిణులు దగ్గరకు రాకూడదు.
* పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కొని, బట్టలను విడిగా ఉతకాలి.

వల అంచుకు కట్టే సీసపు బరువులను ఇంటివద్ద కరిగించి పోసే జాలరులకు కూడా ఈ నియమాలన్నీ వర్తిస్తాయి.

బొర్రా, అరకు ప్రాంతంలో

బొర్రా గ్రామం అనంతగిరి మండలంలో ఉన్నది. ఇది 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైనది. ఇక్కడి గిరిజనులు చైత్రమాసంలో ఇటుకల పండుగను జరుపుకొంటారు. పండుగ రోజులలో మగవారు కలిసి అడవికి వేటకు వెళ్ళుట ఆచారం. విల్లంబులు, బల్లెములతో పాటు నాటు తుపాకులు కూడా వాడుకలోకి వచ్చినవి. మన్యంలో లైసెన్సు లేని నాటు తుపాకులను అప్పగించవలసినదిగా పోలీసులు పలుమార్లు గ్రామసభలలో కోరారు.

నాటు తుపాకీకి గొట్టం బలాన్ని బట్టి మందు కొలత అంటూ ఉండదు. గొట్టానికి సరిపడని గుండు ఇరుక్కుంటే తుపాకీయే పగిలి, కాల్చేవాని చేతులను, కళ్ళను పోగొడుతుంది. వేట మాంసం వలన మరొక హాని ఉన్నది. సీసపు గుండు ఎముకకు తగిలితే కంటికి కనిపించని తునకలుగా మాంసంలో చెదురుతుంది. గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని కోసి పారవేసినా తునకలన్నీ పోవు. ఆ మాంసాన్ని ఇంటిల్లిపాదీ తింటారు. అందువలన ఎక్కువ నష్టపోయేది పసిపిల్లలే.

చట్టం

భారతదేశంలో 1878 ఆయుధాల చట్టం ద్వారా బ్రిటిషు ప్రభుత్వం ఆయుధాలకు లైసెన్సు విధానాన్ని కట్టుదిట్టం చేసినది. ప్రస్తుతం 1959 ఆయుధాల చట్టం అమలులో ఉన్నది. ఈ చట్టంలో "మందుగుండు" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో దాని భాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నవి. 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా వీటిని తయారుచేయరాదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష 7 సంవత్సరాలు, గరిష్ఠ శిక్ష యావజ్జీవ కారాగారం. తుపాకీ ఉంచుకొనుటకు లైసెన్సు ఉన్నంత మాత్రాన గుండ్లు పోసుకొనే హక్కు రాదు. ఆ రెండు లైసెన్సులు వేరు.

దీనికి తోడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద వన్యప్రాణుల వేట నిషేధం. పండుగ వేటకు మినహాయింపు లేదు.

పర్యావరణం

నేలపై పడిన సీసపు గుళికలను గింజలనుకొని పక్షులు మింగుతాయి. గుండు దెబ్బతిన్న జంతువును తిన్న రాబందులకు కూడా సీసం ఎక్కుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాబందుల మరణాలకు సీసమే ప్రధాన కారణమని తేలినది. నీటిపక్షుల వేటలో సీసపు గుళికలను అమెరికా 1991లో నిషేధించినది. డెన్మార్కు 1996లో సీసపు గుళికలను నిషేధించినది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి ఏ వేటకూ సీసపు తూటాలు వాడరాదు. ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుండి చిత్తడి నేలలలో సీసపు గుళికల వాడకాన్ని ఆపివేసినది. సీసానికి బదులు ఉక్కు, బిస్మత్, టంగ్‌స్టన్, రాగి వాడుకలోకి వచ్చినవి. వీటిలో ఉక్కు, టంగ్‌స్టన్, రాగి ఇంటి కుంపటి మీద కరిగేవి కావు. కనుక సీసం వాడకం తగ్గేకొద్దీ ఇంటివద్ద గుండ్లు పోసే అలవాటు కూడా తగ్గిపోవునని చెప్పవచ్చును.