ఓర్ఛా: రాముణ్ణి రాజుగా కొలిచే చిన్న ఊరు

మన బి. మల్లాపురంలో కాశీకి, గయకు, అయోధ్యకు వెళ్లి వచ్చినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఏం చూశారని అడిగితే మాత్రం చాలామంది బస్సు సంగతే చెబుతారు. కొన్నేళ్ల క్రితం మేమూ అలాగే వెళ్లి వచ్చాం. పది రోజుల్లో పద్నాలుగు క్షేత్రాలన్నాడు ఏజెంటు. తెల్లవారుజామున మూడింటికి లేపేవాడు, చెప్పులు విప్పేలోపే బస్సు కదులుతోందని కేకవేసేవాడు. తిరిగి వచ్చాక ఫోటోలు చూసుకుంటే ఏది ఏ గుడో మాకే తెలియలేదు.

అందుకని ఈసారి సంఘంలో పదకొండు మందిమి కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. ఒకే ఊరు వెళ్లాలి, అది చిన్న ఊరై ఉండాలి, మూడు రాత్రులు కదలకూడదు. ఇద్దరు తప్ప అందరం అరవై దాటినవాళ్లమే. ఎంచుకున్న ఊరు ఓర్ఛా. అక్కడి సంగతులు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఓర్ఛా మధ్యప్రదేశ్ ఉత్తర భాగంలో, బుందేల్‌ఖండ్ ప్రాంతంలో, బేత్వా నది ఒడ్డున ఉంది. మొన్నటి దాకా టీకమ్‌గఢ్ జిల్లా, 2018 అక్టోబరు నుంచి నివాడీ జిల్లా. బుందేలా రాజు రుద్రప్రతాప్ 1531లో దీన్ని రాజధానిగా చేసుకున్నాడు. 1783లో రాజధాని టీకమ్‌గఢ్‌కు మారిపోయింది. కచేరీలు పోయాయి, కొలువులు పోయాయి, కోటలూ గుళ్లూ మిగిలాయి. పెద్ద ఊరు కాలేకపోవడం వల్లే పాత ఊరు చెడలేదని మాకు అనిపించింది. ఒక చౌకు, నాలుగు దారులు, పొలాలు, ఆవులు. చౌకులో నిలబడితే ఊరంతా కనిపిస్తుంది.

వెళ్లే దారి కష్టమేమీ కాదు. బొమ్మిడిలో రైలెక్కి చెన్నై చేరి, అక్కడి నుంచి ఢిల్లీ రైలు పట్టుకుని ఝాన్సీలో దిగాలి. ఝాన్సీ స్టేషను పేరు ఇప్పుడు వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీ, టికెట్టు తీసేటప్పుడు పాత పేరు కోసం వెతికి కంగారు పడకండి. అక్కడి నుంచి ఓర్ఛా సుమారు 16 కిలోమీటర్లు, ఆటోలు ఉంటాయి. మా రైలు రాత్రి చెన్నైలో బయలుదేరి తెల్లవారేసరికి వరంగల్లు దాటుతోంది. మాలో పుట్టి బుద్ధెరిగాక ఆంధ్రా, తెలంగాణ చూడనివాళ్లు ముగ్గురు ఉన్నారు. కిటికీ దగ్గర కూర్చుని స్టేషన్ల బోర్డులు కూడబలుక్కుంటూ చదివారు. బల్లార్షా వచ్చాక బోర్డు మారింది, వాళ్లూ పడుకున్నారు. రాత్రి పొద్దుపోయాక ఝాన్సీలో దిగాం. పెద్దవాళ్లు ఉంటే స్టేషను దగ్గరే తెల్లారేదాకా ఆగి, వెలుగు వచ్చాక ఓర్ఛా వెళ్లడం మేలు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఓర్ఛాలో రాముడు దేవుడే కాదు, రాజు కూడా. అందుకే రామరాజా అంటారు. ఆయన ఉన్నది గుడిలో కాదు, రాణిగారి మహలులో. దాని వెనక ఊళ్లో అందరూ చెప్పే కథ ఒకటి ఉంది.

మధుకర్ షా అనే రాజు కృష్ణభక్తుడు. రాణి గణేశ్ కుంవరి రామభక్తురాలు. ఒకనాడు మాటా మాటా పెరిగి, అంత భక్తి ఉంటే నీ రాముణ్ణి అయోధ్య నుంచి తీసుకురా చూద్దాం అన్నాడట రాజు. ఆమె అయోధ్య వెళ్లి సరయూ ఒడ్డున తపస్సు చేసింది. రాముడు కనిపించలేదు. నదిలో దూకబోతే విగ్రహ రూపంలో దొరికి మూడు షరతులు పెట్టాడు. పుష్యమీ నక్షత్రం ఉన్న రోజుల్లోనే నడిపించి తీసుకువెళ్లాలి. ఒకసారి ఎక్కడ కూర్చోబెడితే అక్కడి నుంచి మళ్లీ లేవను. ఆ ఊళ్లో ఇక నేనే రాజును. రాణి మూడింటికీ ఒప్పుకుంది. ఆమె వచ్చేసరికి స్వామి కోసం కడుతున్న చతుర్భుజ ఆలయం ఇంకా సిద్ధం కాలేదు. రాత్రికి మాత్రమే అనుకుని తన మహలులో పెట్టింది. తెల్లారి ఎత్తబోతే విగ్రహం కదల్లేదు.

ఆ పెద్ద ఆలయం ఇప్పటికీ పక్కనే, ఎత్తయిన పీఠం మీద, ఆకాశంలోకి చొచ్చుకుపోయిన శిఖరాలతో ఉంది. దాన్ని ఎవరి కోసం కట్టారో ఆయన మాత్రం పక్కింట్లో ఉన్నాడు. లోపలికి వెళితే గాలిగోపురం, ధ్వజస్తంభం లాంటివేవీ కనిపించవు. నడవాలు, పెద్ద వాకిలి, వాకిలి చుట్టూ గదులు, ఎవరో బంధువుల ఇంటికి వెళ్లినట్టు ఉంటుంది. ఈ రాముడు పగలు ఓర్ఛాలో ఉంటాడనీ, నిద్రకు మాత్రం అయోధ్యకు వెళతాడనీ అక్కడివాళ్ల నమ్మకం. ఈ మాట విన్నప్పుడు మాలో అందరికంటే పెద్దాయన నవ్వి, "మన సంగతీ అంతే కదయ్యా. పగలంతా అరవం, కల వచ్చేది మాత్రం తెలుగులో" అన్నారు. ఆయన తాతలు ఏ ఊరి నుంచి ఇక్కడికి వచ్చారో ఆయనకే తెలియదు.

హారతి వేళ పోలీసులు తుపాకులు పట్టుకుని వరుసగా నిలబడి స్వామికి గౌరవ వందనం చేస్తారు. మంత్రికో కలెక్టరుకో చేసే వందనమే ఇది. ఊళ్లో రాజు ఆయనే కాబట్టి అక్కడ ఇంకెవరికీ ఆ మర్యాద చేయరు, ఎంత పెద్ద పదవిలో ఉన్నవాళ్లు వచ్చినా సరే. ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులో ఫైళ్లు మోసి, వచ్చిన ప్రతి అధికారికీ లేచి నిలబడిన మాకు అది చూడటానికి కాస్త ముచ్చటగానే అనిపించింది. మన భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు తెస్తారు కదా, అది ఏడాదికి ఒకరోజు. ఇక్కడ కొలువు రోజూ సాగుతుంది. మధ్యాహ్నం గుడి మూసి రాత్రి మళ్లీ తెరుస్తారు, వేళలు చలికాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటాయి. దిగిన రోజే కనుక్కోండి. లోపల ఫోటోలు తీయనివ్వరు.

కోట గురించి ఎక్కువ రాయం, అన్ని పుస్తకాల్లోనూ ఉంది. ఒక రాతి వంతెన దాటి లోపలికి వెళ్లాలి. రాజమహలు గోడల మీద రామాయణం, దశావతారాలు రంగుల్లో ఉన్నాయి, కొన్ని వెలిసిపోయాయి. పక్కనే జహంగీర్ మహల్. మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది వాకిలి దగ్గరే ఆగిపోవడం మంచిది. కట్టించిన బీర్‌సింగ్ దేవ్ కాలంలోనే ఇటు తంజావూరులో రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాస్తూ రాజ్యం చేశాడు. ఓర్ఛా కొలువులో కేశవదాసు కవి, రాయ్ ప్రవీణ్ అనే కవయిత్రి ఉంటే తంజావూరు కొలువులో రామభద్రాంబ ఉంది. మరో మాట, పొన్నియిన్ సెల్వన్ సినిమాలో కొంత భాగం ఓర్ఛాలోనే తీశారు. కోటలోకి అడుగుపెట్టగానే మా ఆడవాళ్లు గుర్తుపట్టేశారు.

మాకు అన్నింటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది కోట కాదు. రామరాజా గుడి పక్కన తోటలో లాలా హర్దౌల్ స్థానం ఉంది. హర్దౌల్ బీర్‌సింగ్ దేవ్ కొడుకు. అన్న జుఝార్ సింగ్ రాజయ్యాక, తన భార్యకూ తమ్ముడికీ సంబంధం అంటగట్టి, నీకు పాపం తెలియదంటే నీ చేత్తోనే అతనికి విషం పెట్టమన్నాడట. కన్నతల్లి లాంటి వదిన ఏడుస్తూ పళ్లెం తెస్తే, సంగతి తెలిసి కూడా హర్దౌల్ ఆ అన్నం తిన్నాడని చెబుతారు. కొన్నాళ్లకు వాళ్ల చెల్లెలు తన కూతురి పెళ్లికి పుట్టింటి సారె అడగడానికి వస్తే, పోయినవాణ్ణే అడుగు అని జుఝార్ ఎగతాళి చేశాడు. ఆమె హర్దౌల్ సమాధి దగ్గర పడి ఏడ్చింది. పెళ్లినాడు మేనమామ తేవలసినవన్నీ వచ్చాయి, వడ్డించే చేతులు కనిపించాయి గాని మనిషి కనిపించలేదట.

అప్పటి నుంచి బుందేల్‌ఖండ్‌లో పెళ్లి కుదిరితే మొదటి శుభలేఖ హర్దౌల్‌కే. పల్లెపల్లెకూ ఆయన అరుగు ఉంటుంది. ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ వెళ్లి, పెళ్లిపిల్లకు మేనమామగా రమ్మని పిలిచి వస్తారు.

మాతో వచ్చిన ఒక అక్క ఈ కథ వింటూనే చేతిసంచి తెరిచింది. తై నెలలో ఆమె కూతురి పెళ్లి. ఒక్కగానొక్క తమ్ముడు రెండేళ్ల క్రితం పోయాడు. మన ఇళ్లలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామే కదా. గంప ఎవరు ఎత్తాలన్న దాని మీద వాళ్లింట్లో అప్పటికి నెల రోజులుగా మాటలు నడుస్తున్నాయి. ఆ శుభలేఖ తెలుగు దిద్దింది మేమే. కార్యదర్శి పనిలో సగం అదే, మన పక్క ప్రెస్సుల్లో తెలుగు కంపోజు చేస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. ఒక వైపు తమిళం, ఒక వైపు తెలుగు. మేనమామ పేరు ముందు 'స్వర్గీయ' అని వేయాలా, పేరే తీసేయాలా అని ఆమె మూడుసార్లు మార్పించి, చివరికి ఏ మాటా లేకుండా పేరు మాత్రం ఉంచమంది.

ఆ శుభలేఖను తెలుగు వైపు పైకి వచ్చేలా హర్దౌల్ ముందు పెట్టి, పసుపు బియ్యం చల్లింది. పక్కన నిలబడ్డ ఆ ఊరి ఆడమనిషి ఒకరు ఇవేం అక్షరాలని అడిగారు. మాలో నలభై ఏళ్ల క్రితం హిందీ ప్రచార సభ మధ్యమ పరీక్ష పాసైన ఒకావిడ పుస్తకాల హిందీలో జవాబు చెప్పారు. 'మామా' అన్న ఒక్క మాట వినగానే ఆమె ఇంకేమీ అడగలేదు. జరిగి మా అక్కకు ముందు చోటు ఇచ్చింది.

హిందీ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడివాళ్లు ఇంట్లో మాట్లాడేది బుందేలీ. 2011 జనగణనలో బుందేలీ తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 56 లక్షలకు పైనే ఉన్నారు, అయినా లెక్కలో వాళ్లను హిందీ కిందే కలిపారు. టీకొట్టు అతను పిల్లలతో బుందేలీలో మాట్లాడి, మా బిల్లు హిందీలో రాశాడు. మన ఇళ్లలో తెలుగు మాట్లాడి తమిళంలో రాసే పిల్లలు గుర్తొచ్చారు.

తిండికి భయపడనక్కరలేదు. పూరీ కూర, రొట్టె పప్పు ఎక్కడైనా దొరుకుతాయి, పెరుగు గడ్డగా బాగుంటుంది. అన్నం లేకపోతే నిద్రపట్టనివాళ్లు బియ్యం, చింతపండు, ఆవకాయ తీసుకెళ్లండి. మేము దిగినచోట వంటగది అడిగి రెండు పూటలు చారు పెట్టుకున్నాం. బేత్వా ఒడ్డున రాజుల సమాధులు, ఛత్రీలంటారు, 14 ఉన్నాయి. సాయంత్రం ఆవలి ఒడ్డు నుంచి చూస్తే బాగుంటాయి, పైన రాబందులు కూడా వాలతాయి. నది మీది వంతెన సన్నగా ఉంటుంది, పక్కన చేతికి పట్టు ఉండదు, చీకటి పడ్డాక పెద్దవాళ్లను దాటనివ్వకండి.

ఎప్పుడు వెళ్లాలంటే కార్తీకం నుంచి మాఘం దాకా. ఎండాకాలం బుందేల్‌ఖండ్ మనకు తట్టుకోలేనిది. మనం సీతారామ కల్యాణం శ్రీరామనవమి నాడు చేస్తాం. అక్కడ నవమి జన్మదినం మాత్రమే, కల్యాణం మార్గశిర శుద్ధ పంచమి నాడు. వివాహ పంచమి అంటారు, ఆ రోజు ఊళ్లో రాముడి పెళ్లి ఊరేగింపు తీస్తారు. ఉత్తరాదిన పున్నమితో నెల ముగుస్తుంది, మనకు అమావాస్యతో. శుక్లపక్షం వరకు రెండు పంచాంగాల్లోనూ నెల పేరు ఒకటే కాబట్టి ఈ తిథి విషయంలో తికమక లేదు. బహుళపక్షం పండుగలకు మాత్రం చూసుకోవాలి.

మా అక్క కూతురి పెళ్లి తై నెలలో జరిగింది. పోయిన తమ్ముడి కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, గంపకు ఒక పక్క పట్టుకున్నాడు. హర్దౌల్ దగ్గర తెచ్చిన కుంకుమ పొట్లం గంప అంచుకు కట్టి ఉంది.

వచ్చే మార్గశిరంలో మళ్లీ వెళ్లాలని ఉంది. పదిహేను మందికి మించి తీసుకెళ్లం. 2020 మార్చి నుంచి రైల్వేలో వయోవృద్ధుల రాయితీ లేదు, పూర్తి చార్జీ పెట్టాలి. కింది బెర్తు కోటా 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఉంది గాని, ఒక టికెట్టు మీద ఒకరో ఇద్దరో ఉంటేనే వర్తిస్తుంది. అందరినీ ఒకే టికెట్టులో రాస్తే పై బెర్తులు వస్తాయి. కాబట్టి పేరు ఇచ్చేవాళ్లు ఎవరితో జతగా వస్తారో కూడా రాసి, ఆధార్ నకలు జతచేసి, సంఘం ఆదివారం కూడినప్పుడు ఇవ్వగలరు.