మంటనార్పే నురుగు: నాణ్యత, పరీక్ష

మండుతున్న పెట్రోలుపై నీరు పోస్తే మంట ఆరదు సరికదా, మరింత దూరం పాకుతుంది. పెట్రోలు సాంద్రత నీటి సాంద్రతలో సుమారు నాలుగింట మూడు వంతులే. నీరు అడుగుకు దిగిపోతే ఇంధనం పైన తేలుతూ మండుతూనే ఉంటుంది. అందుకే చమురు డిపోల్లో, విమానాశ్రయాల్లో నీటిని నురుగుగా మార్చి వాడతారు. ఇంధనం కంటె తేలికైన నురుగు దుప్పటిలా పరుచుకుని ఆవిరిని అణచివేస్తుంది, గాలిని అడ్డుకుంటుంది, తనలోంచి జారే నీటితో ఇంధనాన్ని చల్లబరుస్తుంది. బాకూ చమురు క్షేత్రాల మంటలను చూసిన అధ్యాపకుడు అలెగ్జాండర్ లోరాన్ 1902 ప్రాంతంలో ఈ పద్ధతికి ఆద్యుడయ్యాడు. తొలినాటి నురుగుల్లో బుడగలు నిలవడానికి అతిమధురం సారం కలిపేవారు. కుంకుడురసం నురుగుకు కారణమైన సాపోనిన్ జాతి పదార్థాలే అందులోనూ ఉంటాయి.

నురుగుకు కావలసినవి మూడు: గాఢద్రావణం, నీరు, గాలి. 3 శాతం రకమంటే 97 పాళ్ళ నీటికి 3 పాళ్ళ ద్రావణం. ఆ ద్రావణం ఏళ్ళ తరబడి ట్యాంకులో కదలకుండా ఉంటుంది. ఈలోగా అడుగున మడ్డి చేరవచ్చు, పైభాగం ఆవిరై చర్మంలా గడ్డకట్టవచ్చు, లోపలి రబ్బరు సంచి చిరిగి నీరు కలవవచ్చు. తగ్గిన మేరకు వేరొక కంపెనీ సరుకు పోస్తే కొన్నిసార్లు మొత్తం జిగురుముద్దగా మారుతుంది. కనుక నమూనాను పైనుంచీ అడుగునుంచీ విడివిడిగా తీయాలి. సాంద్రత, స్నిగ్ధత, పీహెచ్, మడ్డి శాతం కొలిచి, సరుకు కొత్తగా వచ్చిననాటి అంకెలతో పోల్చాలి. ఆనాటి అంకెలు దాచుకోనివారికి ఈ పరీక్ష సగమే ఉపయోగం.

నీటిలో ద్రావణం సరైన పాలు కలుస్తున్నదా అన్నది వేరే ప్రశ్న. దీనికి రిఫ్రాక్టోమీటరు గాని, విద్యుద్వాహకత మీటరు గాని వాడతారు. అదే నీటితో, అదే ద్రావణంతో ముందుగా 2, 3, 4 శాతం మిశ్రమాలు చేసి గీత గీసుకుంటే, గొట్టం నుంచి వచ్చిన నమూనా ఆ గీతపై ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. కుళాయి నీటితో గీసిన గీత సముద్రపు నీటికి పనికిరాదు.

చివరగా నురుగునే చూడాలి. 1000 మిల్లీలీటర్ల పాత్రను నింపి తూచితే 125 గ్రాములు వచ్చిందనుకుంటే, విస్తరణ 8 రెట్లు. అందులో నాలుగోవంతు, అంటే సుమారు 31 మిల్లీలీటర్ల ద్రవం, అడుగుకు జారడానికి పట్టే కాలమే పారుదల సమయం. అది మరీ తక్కువైతే దుప్పటి త్వరగా ఎండి చిరుగుతుంది. మరీ ఎక్కువైతే నురుగు బిగుసుకుపోయి అడ్డంకుల చుట్టూ పారదు.

ఈ రెండు అంకెలకు ఇటీవల విలువ పెరిగింది. 1967లో అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్‌పై మంటలు 134 మందిని బలిగొన్నాయి. అక్కడ ఒక జట్టు పరచిన నురుగును మరొక జట్టు నీటిధార కడిగేసింది. ఆ తరువాత బాగా వ్యాపించిన ఫ్లోరిన్ నురుగు ద్రావణానికి తలతన్యత మీటరుకు 16, 17 మిల్లీన్యూటన్లే, నీటికి 72. అందువల్ల అది ఇంధనంపై పలుచని నీటిపొరగా తనంతట తానే పాకేది. బుడగలు కాస్త నాసిగా ఉన్నా ఆ పొర కొంతవరకు ఆదుకునేది. ప్రయోగశాలలో సైక్లోహెక్సేన్‌పై ద్రావణం చుక్కలు వేసి చిన్న మంటను దగ్గరకు తెచ్చేవారు. అంటుకోకపోతే పొర ఏర్పడినట్టే.

ఆ రసాయనాలు ప్రకృతిలో విచ్ఛిన్నం కావు. వాటిలో ముఖ్యమైన పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం కట్టడి జాబితాలో చేర్చింది. ఫ్లోరిన్ లేని నురుగుకు అమెరికా రక్షణశాఖ 2023 జనవరిలో కొత్త ప్రమాణం వెలువరించింది. కొత్త రకాలకు నీటిపొర అండ లేదు, భారమంతా బుడగలదే. కొన్ని చిక్కగా ఉండడంతో పాత మిశ్రమ యంత్రాలు వాటిని సరిగా పీల్చుకోలేవు. ట్యాంకు కడిగి ద్రావణం మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. యంత్రాన్నీ నాజిల్‌నూ కలిపి మళ్ళీ పరీక్షించవలసిందే.

ఇంధనమూ మారుతున్నది. భారతదేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఆల్కహాలు బుడగల్లోని నీటిని లాగేసుకుని మామూలు నురుగును కూల్చేస్తుంది. దాన్ని తట్టుకునే రకాల్లో జిగురు పదార్థం ఇంధనంపై పలుచని తెరగా ఏర్పడుతుంది. హెప్టేన్ మంటపై నెగ్గిన నురుగు ఇథనాల్ మంటపై నెగ్గుతుందనుకోవడం పొరపాటు.

విచిత్రమేమిటంటే, పలు సైనిక స్థావరాల, విమానాశ్రయాల భూగర్భజలాలను కలుషితం చేసినది చాలావరకు శిక్షణల్లో, పరీక్షల్లో నేలపై వదిలిన నురుగే. అందుకే ఇప్పుడు కొన్నిచోట్ల ద్రావణానికి బదులు నీటినే పంపి ప్రవాహం కొలుస్తున్నారు. పాళ్ళ లెక్క దీనితో తేలుతుంది, బుడగల సంగతి తేలదు. దానికోసం కొద్దిపాటి నురుగును చిన్న నాజిల్‌తో తొట్టెలోకే వదిలి, తూచి, జారిన నీటిని గడియారం చూస్తూ కొలవాలి.