జలపాతం హోరులో మాటను పట్టేదెలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, జగదల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరాన, ఇంద్రావతి నది దాదాపు 29 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. అదే చిత్రకోట్ జలపాతం. సినిమా కెమెరాకు అది కనువిందు. సౌండ్ రికార్డిస్టుకు మాత్రం కఠిన పరీక్ష.

ఈల, ఫ్యాన్ మోత వంటి శబ్దాల శక్తి కొన్ని పౌనఃపున్యాల దగ్గరే పోగుపడి ఉంటుంది. వాటిని తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు తగ్గించవచ్చు. నీటి హోరు అలా కాదు. మంద్రం నుంచి తారస్థాయి వరకు అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుని, మాట ఉన్న చోటల్లా తానూ ఉంటుంది. ముఖ్యంగా స, శ, త వంటి హల్లుల శక్తి తక్కువ కాబట్టి అవి ముందుగా మునిగిపోతాయి. హోరును తీసేయబోతే మాట కూడా దెబ్బతింటుంది.

అందుకే సౌండ్ రికార్డిస్టుకు అసలు ఆయుధం దూరం. మాట్లాడే మనిషి నుంచి దూరం రెట్టింపైతే ఆరుబయట స్వరం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. మైకును 2 మీటర్ల నుంచి అర మీటరుకు తెస్తే స్వరం 12 డెసిబెల్‌లు, అంటే తీవ్రతలో 16 రెట్లు పెరుగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న జలపాతం హోరు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. పొడవాటి కర్రకు మైకు కట్టి, ఫ్రేము అంచు దాటకుండా నటుడి తలపై పట్టుకునే బూమ్ ఆపరేటర్ శ్రమ అంతా ఈ లెక్క కోసమే.

ఆ మైకు ముందున్న గొట్టానికి చీలికలు ఉంటాయి. పక్కల నుంచి వచ్చే తరంగాలు వాటి గుండా వేర్వేరు సమయాల్లో చేరి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అయితే మంద్రస్థాయి శబ్దాలపై దీని ప్రభావం తక్కువ.

అడవి లోపలికి వెళితే మరో చిక్కు. ఒక షాట్‌లో కీచురాళ్లు అరుస్తూ, తర్వాతి షాట్‌లో ఆగిపోతే ఎడిటింగ్‌లో అతుకు బయటపడుతుంది. అందుకే యూనిట్ అంతా నిశ్శబ్దంగా నిలబడి ఉండగా, ఆ చోటి సహజ ధ్వనిని అర నిమిషమో నిమిషమో విడిగా రికార్డు చేస్తారు. తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటే ధ్వని కిందికి వంగుతుంది. అప్పుడు ఎక్కడో రోడ్డు మీద వెళ్లే లారీ మోత కూడా మైకులో పడుతుంది.

ఇంత తిప్పలు ఎందుకు, డబ్బింగ్ చెప్పించుకోవచ్చు కదా? 1931లో వచ్చిన మన తొలి టాకీ 'ఆలం ఆరా'లో మాటలను షూటింగ్ సమయంలోనే రికార్డు చేశారు. దగ్గర్లోని రైళ్ల మోత తప్పించుకోవడానికి చాలా భాగం రాత్రిపూట తీశారు. తర్వాత ఆరుబయట షూటింగులు, చప్పుడు చేసే కెమెరాలు పెరగడంతో డబ్బింగ్ రివాజైంది. 2001లో 'లగాన్' లొకేషన్ ధ్వనితో వచ్చి, జాతీయ ఆడియోగ్రఫీ పురస్కారం పొందింది.

బస్తర్‌లో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ 1957 నాటి చిత్రంతో ఇక్కడి మురియా బాలుడు చెంద్రు ముఖం ప్రపంచానికి తెలిసింది. ముఖాన్ని కెమెరా పట్టుకుంటుంది. గోండీ, హల్బీ మాటల ఒరవడిని, తెలుగు ఛాయలున్న దోర్లీ పలుకును పట్టుకోవాల్సింది మైకే. నగరంలోని డబ్బింగ్ థియేటర్‌లో మరొకరి గొంతు పెడితే పెదవుల కదలిక కలవవచ్చు, ఆ యాస రాదు.

దూరం మహిమను ఇంట్లోనే పరీక్షించవచ్చు. కుళాయి తిప్పి, దానికి కాస్త దూరంగా నిలబడి మాట్లాడండి. ఫోన్‌ను నోటికి 2 మీటర్ల దూరంలో ఒకసారి, అర మీటరులో ఒకసారి పెట్టి రికార్డు చేయండి. రెండుసార్లూ కుళాయి నుంచి ఫోన్ దూరం మారకుండా చూసుకోండి. రెండూ వింటే బూమ్ ఆపరేటర్ చేతులు నొప్పెట్టినా కర్ర ఎందుకు దించడో తెలుస్తుంది.