అట్రిషన్: అపోహలు – వాస్తవాలు

అపోహ: అట్రిషన్ కంపెనీల వాడుకలో పుట్టిన కొత్త మాట.

వాస్తవం: హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థల వార్తల్లో 'అట్రిషన్ రేటు' తరచుగా వినిపించడం వల్ల ఈ భావన బలపడింది గాని, ఈ మాటకు మూలం 'రుద్దు' అనే అర్థం గల లాటిన్ ధాతువు 'టెరెరె', దానికి 'అడ్' అనే ఉపసర్గ చేరి, ఒకదానికొకటి ఒరుసుకొని అరగడమనే అర్థం ఏర్పడింది. ఇంగ్లీషులో ఇది మొదట 14వ శతాబ్దం చివర క్రైస్తవ వేదాంత పరిభాషగా కనిపిస్తుంది. దైవప్రేమ వల్ల కాక శిక్షాభయం వల్ల, సిగ్గు వల్ల కలిగే అసంపూర్ణ పశ్చాత్తాపాన్ని మధ్యయుగ పండితులు అట్రిషన్ అనీ, ప్రేమ వల్ల కలిగే సంపూర్ణ పశ్చాత్తాపాన్ని అదే ధాతువు నుంచి వచ్చిన 'కంట్రిషన్' అనీ వ్యవహరించారు. మొదటిదానిలో హృదయం పైపైన ఒరుసుకుంటే, రెండవదానిలో పూర్తిగా నలిగిపోతుంది. ఈ భేదాన్ని 1551లో ట్రెంట్ మహాసభ కాథలిక్ సిద్ధాంతంలో స్థిరపరచింది. శత్రుబలాన్ని క్రమంగా హరింపజేసే యుద్ధమనే అర్థం మొదటి ప్రపంచయుద్ధ కాలం నాటిది. 1916 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు సాగిన వెర్డన్ పోరాటం దానికి ప్రసిద్ధ ఉదాహరణ.

అపోహ: ఇది న్యూట్రిషన్‌కు సంబంధించిన మాట.

వాస్తవం: చివరి ధ్వనులు కలిసినా, న్యూట్రిషన్ 'పోషించు' అనే అర్థమిచ్చే వేరే ధాతువు నుంచి వచ్చింది. అట్రిషన్‌కు నిజమైన బంధువులు, రాళ్లు అరిగి మిగిలిన శిథిలాన్ని చెప్పే 'డెట్రిటస్', వాడి వాడి అరిగిన మాటను చెప్పే 'ట్రైట్', కళ్లంలో ధాన్యం నూర్చే పలక పేరు నుంచి పుట్టి కష్టానికి పేరైన 'ట్రిబ్యులేషన్'.

అపోహ: ఉద్యోగుల తొలగింపే అట్రిషన్.

వాస్తవం: రాజీనామాలు, పదవీవిరమణలు, మరణాల వల్ల ఏర్పడిన ఖాళీలను భర్తీ చేయకపోవడంతో సిబ్బంది క్రమంగా తగ్గడమే దీని అసలు అర్థం. కొన్ని సంస్థలు తొలగింపులను కూడా 'ఇన్‌వాలంటరీ అట్రిషన్' పేరుతో ఇందులో కలిపి లెక్కిస్తాయి. ఒకరు నిర్ణయించి చేసిన పనిని సహజమైన అరుగుదలగా చూపే ఈ వాడుక నిర్ణయం తీసుకున్నవారి బాధ్యతను కప్పిపుచ్చుతుంది కనుక, దానిని పత్రికలు యథాతథంగా స్వీకరించడం సరికాదు.

అపోహ: అట్రిషన్, అబ్రేషన్, ఎరోజన్ పర్యాయపదాలు.

వాస్తవం: దంతవైద్యంలో పన్ను పన్నుతో రాసుకొని అరిగితే అట్రిషన్, గట్టి బ్రష్ వంటి బయటి వస్తువు రాపిడికి అరిగితే అబ్రేషన్, సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండా ఆమ్లాల వల్ల కరిగితే ఎరోజన్. నదుల విషయంలో, ప్రవాహంలో రాళ్లు ఒకదానినొకటి ఢీకొని గుండ్రబడడం అట్రిషన్, అవే రాళ్లు నది అడుగును అరగదీయడం అబ్రేషన్; అక్కడ ఎరోజన్ అనేది ఈ రెండింటినీ కలుపుకొనే విశాలమైన పేరు.