గుర్రాల పందెంలో బ్యాండు మేళం పాట్లు

పెళ్లి ఊరేగింపులో వాయించడం ఒక ఎత్తు, తీర్థంలో గుర్రాల పందెం దగ్గర వాయించడం ఇంకో ఎత్తు. అనకాపల్లి జిల్లాలో ఏ బ్యాండు మాస్టారిని కదిపినా ఈ మాటే అంటారు. పెళ్లిలో ఉండేది ఒకటే గుర్రం, అదీ మెల్లగా నడుస్తుంది. పందెంలో గుర్రాలు పదీ పన్నెండు. వాటి వెనక ఊళ్లు, ఊళ్ల వెనక పంతాలు. వీటన్నిటి మధ్య ఎర్రకోట్లు తొడుక్కుని మేళం వాళ్లు.

సంక్రాంతి వెళ్లింది మొదలు చోడవరం, మాడుగుల, రావికమతం వైపు పల్లెల్లో తీర్థాల కాలం. వరి కోసిన మళ్లు ఎండి గట్టిపడతాయి. గట్లు చదును చేసి బాట వేస్తారు. పగలు ఎడ్ల పరుగులు, గుర్రాల పరుగులు. చీకటి పడితే కోలాటం, తప్పెటగుళ్లు, నేలవేషాలు. జీళ్లు, ఖర్జూరం, మురీల దుకాణాలు సరేసరి. వీటన్నిటికీ పొద్దున్నే సందడి ఎత్తుకోవలసింది మాత్రం బ్యాండు మేళమే.

ఈమధ్య అలాంటి ఒక తీర్థంలో ఒక మేళానికి జరిగిన ముచ్చట ఇది. ఊళ్ల పేర్లు చెబితే రెండు ఊళ్లకూ మళ్లీ మాటామాటా వస్తుంది గనుక పేర్లు అక్కర్లేదు.

మేళంలో పన్నెండుమంది. క్లారినెట్టు వాయించే పెద్దాయనే మాస్టారు. రెండు ట్రంపెట్లు, ఒక యుఫోనియం, సైడు డ్రమ్ములు, ఇత్తడి తాళాలు, ఒక పెద్ద డ్రమ్ము. ఆ పెద్ద డ్రమ్ము వాళ్లది కాదు. సొంతది పగిలి మూలపడితే, పక్క ఊరి మేళం దగ్గర రెండు రోజులకని అడిగి తెచ్చుకున్నారు. మర్నాడు నర్సీపట్నం వైపు పెళ్లి ఒప్పుకుని బయానా కూడా తీసేసుకున్నారు. అందుకని ఆటోలో దిగినప్పటినుంచి మాస్టారు కన్ను గుర్రాల మీద లేదు, డ్రమ్ము మీదే ఉంది.

పొద్దున ఏడింటికి గుడి చుట్టూ తిరిగి వాయించారు. అంతవరకు బాగానే ఉంది. తొమ్మిదింటికి పందెం బాట దగ్గరకు రమ్మన్నారు. ఎక్కడ నిలబెట్టాలన్న దానిమీద కమిటీ పెద్దలకే ఒక మాట లేదు. బయలుదేరే చోట అని ఒకరు, గీత దగ్గర అని ఒకరు. చివరికి బయలుదేరే చోటే నిలబెట్టారు. అక్కడే వచ్చింది చిక్కు.

బెదిరింది గుర్రమా, రౌతా?

మొదటి జత గుర్రాలు వచ్చి నిలబడ్డాయి. ఇవి మలక్‌పేట మైదానంలో పరిగెత్తే మేలుజాతి గుర్రాలు కావు. పొట్టి తట్టువలు. జీను కూడా ఉండదు, వీపున గోనెపట్టా కట్టి కుర్రాళ్లు ఎక్కుతారు. మేళం వాళ్లు హుషారుగా ఒక సినిమా పాట ఎత్తుకున్నారు. ఇత్తడి తాళాలు ఒక్కసారి 'ఛణ్'మన్నాయో లేదో, తెల్ల గుర్రం ముందుకాళ్లు పైకెత్తింది. రౌతు కుర్రాడు జూలు పట్టుకుని వేలాడాడు. రెండో గుర్రం పక్కకు తిరిగి జనంలోకి దూకింది. మురీల బుట్ట ఒకటి తిరగబడింది.

"ఒరే ఆపండ్రా! గుర్రం బెదిరిపోతంది!" అని దాని ఆసామి ఒకటే కేక. 

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. ఇక్కడ రౌతు గట్టివాడే. మేళమే మెత్తబడవలసి వచ్చింది.

తప్పు గుర్రానిది కాదు. మనిషి చెవికి సెకనుకు 20 ప్రకంపనల నుంచి 20 వేల దాకా అందుతాయి. గుర్రానికి 33 వేలకు పైన కూడా అందుతాయని పరీక్షలు చేసి తేల్చారు. అంటే ఇత్తడి తాళాల మోతలో మనకు వినిపించని సన్న శబ్దం కూడా దానికి వినిపిస్తుంది. చెవులు ఒకదానితో ఒకటి పని లేకుండా ఏ దిక్కుకంటే ఆ దిక్కుకు తిప్పగలదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంవల్ల దాదాపు చుట్టూ చూస్తుంది గానీ, సరిగ్గా తోక వెనక ఉన్నది కనపడదు. మేళం నిలబడింది ఆ వెనకనే. కనపడని చోటునుంచి మోత వస్తే పారిపోవడం దాని పుట్టుక గుణం. పోలీసు గుర్రాలకు, ఊరేగింపు గుర్రాలకు డప్పులూ బాణసంచా కొద్దికొద్దిగా అలవాటు చేసి తయారుచేస్తారు. గడ్డిమోపులు మోసే తట్టువకు ఆ చదువు ఎవరు చెబుతారు?

కాసేపు రభస అయ్యాక ఒక ఒప్పందం కుదిరింది. జెండా పైకి లేస్తే మేళం ఆగాలి. గుర్రాలు గీత దాటాక మళ్లీ ఎత్తుకోవాలి. మేళం గుర్రాలకు ఎదురుగా, బాటకు దూరంగా నిలబడాలి. ఇదేదో పొద్దున్నే చేసి ఉంటే మురీల ముసలమ్మకు నష్టం తప్పేది. ఆవిడ బుట్ట సొమ్ము కమిటీ వాళ్లు ఇచ్చారు, అది వేరే సంగతి.

మా గుర్రం పాట కొట్టండహే!

ఎండ ఎక్కేసరికి కుర్రకారు దిగింది. ఒక ఊరివాళ్లు పది రూపాయల నోటు మాస్టారి కోటుకు గుచ్చి తమ హీరో పాట వాయించమంటారు. అది సగంలో ఉండగానే ఇంకో ఊరివాళ్లు ఇరవై నోటు పట్టుకుని వస్తారు. ఆ పాట ఆపి ఈ పాట ఎత్తాలి. ఎత్తితే మొదటివాళ్లకు కోపం. ఒకడు ట్రంపెట్టు లాక్కుని తనే ఊదబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకొకడు తాళాల కుర్రాణ్ణి భుజాలమీద ఎక్కించుకుని గంతులేశాడు. క్లారినెట్టు రీడు ఎండకు ఆరి కీచుమంటుంటే మాస్టారు నోట్లో తడుపుకుంటూ వాయించారు. ఊదే వాద్యాల వాళ్లకు ఎండలో పెదవులు పగిలితే ఆ రోజు పని అయిపోయినట్టే. మంచినీళ్ల కుండ దగ్గరకు వెళ్దామంటే జనం వదలరు.

మధ్యాహ్నం భోజనాల్లో మేళం వరస చివరిది. కమిటీ తిన్నాక, గుర్రాల వాళ్లు తిన్నాక వాళ్లకు పిలుపు. పప్పు ఉంది, కూర అయిపోయింది. చాలా ఊళ్లలో ఇది మామూలే. మేళం లేనిదే తీర్థానికి కళ లేదంటారు, విస్తరి వేసేటప్పుడు మాత్రం ఆ కళ గుర్తుండదు.

అసలు గొడవ మూడింటికి. ఆఖరి జతలో పొద్దున బెదిరిన తెల్ల గుర్రం ఒకటి, పొరుగూరి ఎర్ర గుర్రం ఒకటి. రెండూ మెడ మెడ ఆనించుకుని గీత దాటాయి. పెద్దమనుషులు ఇంకా నోరు విప్పలేదు. ఒప్పందం ప్రకారం గీత దాటాయి గదా అని సైడు డ్రమ్ము కుర్రాడు దరువు మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. వాళ్లు అందుకున్న పాట, అంతకుముందు ఎర్ర గుర్రం ఊరివాళ్లు అడిగి వాయించుకున్న పాట. అంతే! ఎర్ర గుర్రం గెలిచిందని ఆ ఊరు ఊరంతా బాటమీదికి దూకింది. మేళం అమ్ముడుపోయిందని తెల్ల గుర్రం ఊరు దూకింది. ఆ పది రూపాయల నోటుతో పందెం కొనేయవచ్చని కోపంలో ఉన్నవాడికి అనిపిస్తుంది మరి.

ఆ తోపులాటలో పెద్ద డ్రమ్ము నేలమీద పడింది. ఎవరి మోకాలో తగిలి ఒక పక్క తోలు ఈ చివరినుంచి ఆ చివరకు చిరిగింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. కానీ డ్రమ్ము కుర్రాడు చిరిగిన తోలు చేత్తో మూసి పట్టుకుని కూర్చుండిపోయాడు. అది చూశాకే జనం కాస్త వెనక్కి తగ్గారు.

పందెం సమానమని పెద్దలు తేల్చారు. బహుమతి సొమ్ము రెండు ఊళ్లకూ సగం సగం. ఇక డ్రమ్ము సంగతి. మేళం తొందరపడింది గనుక నష్టం మేళానిదే అని ఒకరు. చేతులు వేసింది ఊళ్లవాళ్లు గదా అని ఇంకొకరు. గంటసేపు వాదించి, కొత్త తోలు ఖర్చు రెండు ఊళ్లూ పంచుకోవాలని, ఆటో బాడుగ కమిటీ ఇవ్వాలని తీర్మానించారు. తొందరపడిన మాట నిజమేనని మాస్టారు ఒప్పుకున్నారు. అసలు తగువు ముదరకపోవడానికి ఆ ఒక్క మాటే కారణమని అక్కడున్నవాళ్లు అన్నారు.

పన్నెండుమంది పొట్టలు

ఒక తోలు చిరిగితే ఇంత రాద్ధాంతమా అనుకోవచ్చు. మేళం వాళ్లలో చాలామందికి ఇది ఏడాది పొడుగునా తిండిపెట్టే పని కాదు. మామూలు రోజుల్లో కూలి పని, రంగులు వేసే పని. తీర్థాలు, పెళ్లిళ్లు ఉన్న నాలుగు నెలలే వాయిద్యం. ఒప్పుకున్న సొమ్ములో బాడుగ, కోట్ల ఇస్త్రీ, వాయిద్యాల మరమ్మతు పోను మిగిలింది వాటాలు వేస్తారు. ఇత్తడి వాయిద్యాలు చాలావరకు ఎక్కడో ఉత్తరప్రదేశ్ మీరట్‌లో తయారై రావాలి.

తెల్లవాళ్ల పటాలాల వెంట మన దేశంలోకి వచ్చిన ఈ బ్యాండ్లను సంస్థానాలు పోషించాయి. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చాక ఆ నీడ పోయింది. పెళ్లిళ్లు, తీర్థాలే దిక్కయ్యాయి. 1919లో సంగీత కళాశాల పెట్టిన విజయనగరం ఇక్కడికి దగ్గరే అయినా, మేళం కుర్రాళ్లలో ఎక్కువమంది చదువు వీధిలోనే, పెద్దవాళ్ల వెనక నిలబడి విని నేర్చుకున్నదే. 2020లో కరోనా లాక్‌డౌన్ సరిగ్గా పెళ్లిళ్ల వేసవిలో వచ్చి పడింది. అప్పుడు వాయిద్యాలు అమ్ముకున్న మేళాలూ ఉన్నాయి. ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చాయి. వాటికి భోజనం అక్కర్లేదు, పెదవులు పగలవు. రాత్రి 10 గంటల తర్వాత ఆరుబయట మోత ఉండకూడదన్న నిబంధన మాత్రం పెట్టెకూ మేళానికీ ఒకటే.

ఆ సాయంత్రం ఆటో ఎక్కి మేళం వాళ్లు అనకాపల్లి వెళ్లి, కొట్టు మూసేవేళకు తోలు వేయించారు. మర్నాటి పెళ్లికి అరగంట ఆలస్యంగానైనా అందుకున్నారు. డ్రమ్ము ఇచ్చిన పక్క ఊరి మేళానికి సంగతి దాచకుండా చెప్పారు. కొత్త తోలు పాతదానికంటే బాగా మోగుతోందని వాళ్లు సంతోషించారట.

వారం తిరక్కుండానే తెల్ల గుర్రం ఆసామి మాస్టారి ఇంటికి వచ్చారు. మేనల్లుడి పెళ్లికి మేళం కావాలి. బయానా చేతిలో పెట్టి ఒక షరతు చెప్పారు. పెళ్లికొడుకుని ఎక్కించేది ఆ తెల్ల గుర్రాన్నే. ఎన్ని పాటలైనా వాయించవచ్చు, ఇత్తడి తాళాలు మాత్రం ఇంటిదగ్గరే వదిలి రావాలి.