యమహా డీఎక్స్7: 1983 నాటి కీబోర్డ్ ఇప్పుడు కొనొచ్చా?

సెకండ్ హ్యాండ్‌లో పాత సింథసైజర్ కనబడితే మనసు ఆగదు. నేనూ అలాగే ఓ డీఎక్స్7ని ఏర్పేడు తెచ్చుకున్నాను. వాడాక తేలిందేంటంటే, సౌండ్ కోసమే అయితే ఇది కొననక్కర్లేదు.

ఇందులో సౌండ్లు రికార్డ్ చేసి పెట్టినవి కావు. ఆపరేటర్లు అనే 6 డిజిటల్ తరంగాలు ఒకదాన్నొకటి మారుస్తూ, లెక్క ప్రకారం పుట్టిస్తాయి. దీన్నే ఎఫ్ఎం సింథసిస్ అంటారు. అదే లెక్కని డెక్స్‌డ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీ ల్యాప్‌టాప్‌లోనే చేసేస్తుంది.

మరి కీబోర్డ్ దండగేనా? కాదు. 61 కీస్ టచ్ ఇప్పటికీ సూపర్. యూఎస్‌బీ లేకపోయినా మిడి పోర్ట్ ఉంది. మిడి-యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపేయొచ్చు.

కొనేముందు మూడు చూడండి. అన్ని కీస్ పలుకుతున్నాయా? వెనక ఓల్టేజ్ ఎంత రాసుంది? జపాన్ 100 ఓల్టుల పీస్‌ని మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. లోపలి బ్యాటరీ బాగుందా? అది అయిపోతే సేవ్ చేసుకున్న 32 టోన్లూ పోతాయి. అందుకే మిడి ద్వారా ల్యాప్‌టాప్‌లోకి ముందే బ్యాకప్ తీసుకోండి.

ఇంకోటి, దీని బరువు 14 కిలోలు. ఏర్పేడులో రిపేర్ చేసేవాళ్లు నాకు దొరకలేదు. చెడిపోతే చెన్నై దాకా మోయాల్సిందే. వాయించడానికైతే తీసుకోండి, సౌండ్ కోసమైతే డబ్బులు మిగుల్చుకోండి.